నిలబడి డీజిల్ తాగిన బండి

2023 సెప్టెంబరు 18న మదనపల్లెలోని మా బోరింగ్ షాపు నుంచి ఒక డీజిల్ ఇంజిన్ బ్లాకు బయటికి వెళ్ళింది. అదే బ్లాకు నవంబరు 27న ఒకసారి, 2024 ఫిబ్రవరి 8న ఇంకోసారి మా బల్ల మీదికి తిరిగి వచ్చింది. నలభై ఏళ్ళ పనిలో ఒకే బ్లాకు అయిదు నెలలు తిరగకుండా మూడుసార్లు నా చేతికి రావడం అదొక్కటే. తేదీలు జ్ఞాపకం మీద చెప్పడం లేదు. షాపులోకి వచ్చే ప్రతి ఇంజిన్‌కూ ఒక కార్డు రాస్తాను. ఆ మూడు కార్డులూ ఇది రాస్తున్నప్పుడు నా ముందే ఉన్నాయి.

బోరింగ్ షాపు పని తెలియని వాళ్ళకోసం రెండు మాటలు. ఇంజిన్ బ్లాకులో పిస్టన్ పైకీ కిందికీ తిరిగే గొట్టాన్ని బోరు అంటాం. ఏళ్ళ తరబడి తిరిగి అది అరిగి, గుండ్రం తప్పుతుంది. దాన్ని మిషన్ మీద కొంచెం పెద్దది చేసి, మళ్ళీ గుండ్రంగా తీసి, పిస్టన్ చుట్టూ కొత్త రింగులు పట్టేలా తయారు చేసి ఇస్తాం. మా ఆయన మిషన్ దగ్గర నిలబడేవారు, నేను కొలతలు తీసేదాన్ని. ఆయన పోయి పన్నెండేళ్ళయినా కొలతలు ఇప్పటికీ నేనే తీస్తాను. బోర్ గేజి అనే పరికరం ఉంది. తలవెంట్రుక మందంలో ఏడో వంతు తేడా ఉన్నా దాని ముల్లు కదులుతుంది.

మా ప్రాంతంలో ఒక ఇంజిన్ పని ఒక్కరి చేతిలో జరగదు. మెకానిక్ విప్పుతాడు. బ్లాకు మా దగ్గరికి, డీజిల్ పంపు పంపు షాపుకు, రేడియేటర్ ఇంకొకరి దగ్గరికి వెళ్తాయి. అన్నీ తిరిగి వచ్చాక మెకానిక్ బిగిస్తాడు. ఎవరి భాగానికి వాళ్ళు పూచీ. బండి బాగా నడిస్తే అందరికీ పేరు. నడవకపోతే మాత్రం మెకానిక్ ఒక్కడిదే తప్పు.

ఆ మెకానిక్ షఫీ. పుంగనూరులో షెడ్డు, వయసు యాభై నాలుగు. ఇరవై ఆరేళ్ళుగా నాకు బ్లాకులు తెస్తున్నాడు. బానెట్ ఎత్తకముందే శబ్దం విని ఏ సిలిండర్‌లో జబ్బు ఉందో చెప్పగలడు. బండి యజమాని మునెప్ప, రామకుప్పం పక్కన పల్లె. ఏడు సీట్ల ఆ పాత బండిని పుంగనూరులో షఫీ మాట మీదే కొన్నాడు. ఇంజిన్ ఒక్కటి చేయించుకుంటే పదేళ్ళు చూడాల్సిన పని లేదని షఫీ చెప్పాడట. అలా మొదలైంది.

మొదటిసారి అంతా మామూలే. లక్షా ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్. బోర్లు అర మిల్లీమీటరు పెంచాం. తర్వాత హోనింగ్ చేశాం. అంటే రాళ్ళు పెట్టి బోరు గోడ మీద అడ్డంగా సన్నటి గీతలు గీయడం. రోలుకు గంట్లు కొట్టించినట్టే ఇదీ. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, రింగులు వాటి మీద ఒరుసుకుని తమ చోటు చేసుకుంటాయి. బ్లాకుతో పాటు ఎప్పటిలాగే మా షాపు చీటీ ఇచ్చాను. 1987లో నేను రాసి అచ్చు వేయించిన చీటీ అది. "మొదటి వెయ్యి కిలోమీటర్లు లోడు వేయరాదు. వేగం నలభై దాటరాదు" అని రెండే వాక్యాలు.

డెబ్బై రోజులకు బ్లాకు తిరిగి వచ్చింది. షఫీతో పాటు మునెప్ప కూడా వచ్చాడు. సన్నటి మనిషి, మోచేతి కింద ఒక గుమ్మడికాయ. దాన్ని నా బల్ల మీద పెట్టి పక్కకు నిలబడ్డాడు.

"ఏమప్పా, ఇంత బిరీన తిరిగొచ్చినావు?" అన్నాను.

"బండి ఆయిలు తాగతాండాదమ్మా. పొగ సూస్తే ఇటికెల బట్టీ పెట్టినట్టుండాది. మా ఊర్లో పిల్లోళ్ళు ఎనకాల పరిగెత్తతాండారు," అన్నాడు, ఎవరి బండి గురించో చెబుతున్నట్టు నవ్వుతూ.

షఫీ నవ్వలేదు. గేజి పెట్టి చూశాను. నాలుగు బోర్లూ నేను పంపిన కొలతలోనే ఉన్నాయి. కానీ గోడల మీద గీతలు లేవు. అద్దంలా మెరుస్తున్నాయి. దీన్ని గ్లేజ్ అంటాం. బోరు గోడ మీద ఆయిల్ మాడి, గాజు పూసినట్టు గట్టిపడుతుంది. దాని మీద రింగులు పట్టవు, జారతాయి. ఆయిల్ పైకి పోయి కాలుతుంది, డీజిల్ కిందికి పోయి ఆయిల్‌లో కలుస్తుంది. నాసిరకం రింగులకో, సరిపడని ఆయిల్‌కో ఇలా అవుతుందని అనుకున్నాను. కార్డు మీద ఇలా రాశాను: "సైజు సరి. గ్లేజ్ ఉంది. రింగులు, ఆయిలు మెకానిక్ చూసుకోవాలి."

షఫీ దాన్ని చదివి, తిరిగి నా బల్ల మీద పెట్టాడు. "మంచి రింగులేనమ్మా," అని మాత్రం అన్నాడు. గీతలు మళ్ళీ గీసి డిసెంబరు 6న పంపాను. అతను ఈసారి ఇంకో రకం రింగులు తెప్పించాడు. ఆయిల్ మార్చాడు. పంపు షాపులో పంపు చూపించాడు, ఆయిల్ జారకుండా ఆపే వాల్వ్ సీళ్ళు కొత్తవి వేశాడు. అన్నీ సొంత డబ్బుతోనే. ఫిబ్రవరి 8న, అరవై నాలుగు రోజులకు, మళ్ళీ అదే పొగ, అదే అద్దం.

ఈసారి షఫీ ఒక్కడే వచ్చాడు. నేను గేజి దించి, బోర్లు చూసి, కార్డు మీద రాయడానికి పెన్ను తీసుకున్నాను.

"రాయండమ్మా, సైజు సరి అని," అన్నాడు. "ఇది నా ఆఖరి ఇంజిను."

"ఏం మాటలు అవి?"

"బెంగుళూర్లో మా బామ్మర్ది ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని సూసినాడు. ఈ నెలాఖరుకు షెడ్డు తాళాలు ఓనరుకు ఇచ్చేస్తానని చెప్పేసినా. పుంగనూర్లో అంతా అంటాండారు, షఫీ చెయ్యి పోయిందని. నాకూ అట్లే అనిపిస్తాండాది."

"ఒక్క ఇంజిన్‌కే చెయ్యి పోతుందా?"

"ఆ మునెప్పన్న ఒక్క మాట తిడితే బాగుండును. నా మాట మీద కొన్నాడు గదా. తిట్టడు. ఈ తూరి అరటిగెల తెచ్చి షెడ్డులో యాలాడదీసి పోయినాడు. ఆ పండు నోట్లో పెట్టుకోలేకపోతాండానమ్మా."

టీ తెప్పించాను. తాగకుండానే వెళ్ళిపోయాడు. ఇరవై ఆరేళ్ళలో అతను మా షాపులో టీ వదిలి పోవడం నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం మూడు కార్డులూ పక్కపక్కన పెట్టుకున్నాను. కార్డు మీద మీటరు రీడింగు కూడా రాస్తాను. మెకానిక్‌లు దీన్ని చాదస్తం అంటారు. మొదటి డెబ్బై రోజుల్లో బండి తిరిగింది 412 కిలోమీటర్లు. తర్వాతి అరవై నాలుగు రోజుల్లో 388. రెండుసార్లూ వెయ్యి చేరలేదు. రోజుకు ఆరు కిలోమీటర్లు తిరిగిన బండి, రోజంతా తిరిగే లారీ అంత ఆయిల్ ఎలా తాగింది? మునెప్పకు ఫోన్ చేశాను.

"అప్పా, డీజిల్ ఎంత పోస్తాండావు బండికి?"

"క్యానులో తెస్తానమ్మా. పది లీటర్ల క్యాను. వారానికి రెండు."

కాగితం మీద వేసి చూశాను. తొమ్మిది వారాలకు నూట ఎనభై లీటర్లు. 388 కిలోమీటర్లకు ఆ ఇంజిన్ ఇరవై ఎనిమిది లీటర్లకు మించి తాగదు. మిగిలిన నూట యాభై రెండు లీటర్లు యాడికి పోయినట్టు? ట్యాంకు కారడం లేదని షఫీ ముందే చూశాడు. మునెప్ప అబద్ధం చెప్పే మనిషి కాదు, అబద్ధం చెప్పి అతనికి ఒరిగేదీ లేదు. నా లెక్కలో మిగులు తేలితే నాకు నిద్ర పట్టదు. షఫీకి ఫోన్ చేసి, మునెప్ప ఊరికి పోదాం రమ్మన్నాను.

"నేను రానమ్మా. ఏ మొగం పెట్టుకొని పోయేది?"

"నాకు డెబ్బై ఒకటి. ఒక్కదాన్నే బస్సు మారి పొమ్మంటావా?"

ఫిబ్రవరి 11న పుంగనూరులో బస్సెక్కి, ఇద్దరం కుప్పం వెళ్ళాం. మునెప్ప ఆటో తీసుకొని ఎదురు వచ్చాడు. ఇంటి ముందు దిగగానే అతని భార్య మజ్జిగ ఇచ్చింది. ఆమె అప్పుడే కుప్పం సంత నుంచి బస్సులో వచ్చిందట, గంపలో అమ్ముడుపోని వంకాయలు అలాగే ఉన్నాయి.

"బండి నడిచేటప్పుడు కూడా సంతకు బస్సులోనేనా?" అడిగాను.

మునెప్ప చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. ప్లాస్టిక్ కవరులో పెట్టి, నాలుగు మడతలు పెట్టి దాచిన మా షాపు చీటీ. "వెయ్యి కిలోమీటర్లు కాలేదు గదమ్మా. లోడు ఎయ్యొద్దని మీరే రాసినారు. మా ఆడామె, గంప, రెండూ బరువే గదా."

"సూడమ్మా ఈయప్ప మాటలు," అంది ఆమె. "బండి కొనకముందు మోటర్‌సైకిల్ మీద ఎనకాల కూర్చోబెట్టుకొని పోతాండె. బండి కొన్నాక బస్సు."

షఫీ మొదటిసారి నవ్వాడు. నేను డీజిల్ సంగతి ఎత్తాను. బండి ఎక్కడ నిలబెడతావో చూపించమన్నాను. ఇంటి దగ్గర కాదట, చేను దగ్గరట. అక్కడికి నడిచాం. అరటి తోట. ఒక మూల ఇరవై చెట్ల దాకా నేలమట్టమై ఉన్నాయి, బోదెలు చీలికలు చీలికలుగా. గట్టు మీద బండి చక్రాలు దిగబడిన రెండు గుంతలు. వాటి వెనక రాతికట్టు మీద, సైలెన్సర్ ఉండే ఎత్తున, తట్టంత మసి మచ్చ. వేలితో రాసి చూశాను. మందంగా, జిడ్డుగా ఉంది. పక్కనున్న కానుగ ఆకులు కూడా నల్లబడ్డాయి.

అలాంటి మసి నాకు కొత్త కాదు. కల్యాణ మంటపాల జనరేటర్ల వెనక చూశాను. నాలుగు బల్బులకోసం రాత్రంతా ఉత్తగా తిరిగే పెద్ద జనరేటర్లు. వాటి బోర్లలో గ్లేజ్ తప్ప ఇంకేమీ ఉండదు.

"ఈడ బండి పెట్టి ఏం జేస్తావప్పా?" అడిగాను.

"ఏనుగులమ్మా. పొద్దు కుంకినాక అడివి దిగి వస్తాయి. మొదట్లో రాగిచేనికి, రాగి కోసినాక అరటికి. టపాకాయలకు అలవాటు పడినాయి, హారన్ కొడితే నిలబడి సూస్తాయి. ఈ ఇంజిన్ గట్టిగా తిప్పితే మాత్రం ఈడకు రావు. యాలనో మరి. రోజూ ఒక రెండు గంటలు, ఆక్సిలేటర్ మీద ఇటికిరాయి పెట్టి తిప్పుతాండాను. బండి లేక మూడు రోజులాయె, అది సూడండి," అని పడిపోయిన చెట్ల వైపు చూపించాడు.

"ఇన్నాళ్ళూ ఈ మాట మాకు యాల సెప్పలేదన్నా?" అన్నాడు షఫీ.

మునెప్ప నిజంగా ఆశ్చర్యపోయాడు. "బండి నిలబడే ఉండాది గదా భాయ్. యాడికీ పోలేదే. నిలబడిన బండికి లోడేముండాది?"

షఫీ గట్టు మీద కూర్చుండిపోయాడు. నేను నోట్ పుస్తకం తీసి లెక్క వేశాను. అంత జోరుగా తిప్పితే గంటకు లీటరుంబావు. అరవై రోజులు, రోజుకు రెండు గంటలు. నూట యాభై లీటర్లు. తేడా రెండే లీటర్లు.

సంగతి ఇది. కొత్త రింగులు బోరు గోడకు పట్టాలంటే ఇంజిన్ బరువు లాగాలి. బరువు లాగేటప్పుడే లోపలి మంట ఒత్తిడికి రింగులు గోడకు అదుముకుంటాయి, గీతల మొనలు అరిగి రెండూ ఒకదానికొకటి సరిపడతాయి. కొత్తగా గంట్లు కొట్టించిన రోట్లో మొదట తవుడు వేసి గట్టిగా రుబ్బుతాం కదా. ఊరికే పొత్రం తిప్పుతూ కూర్చుంటే ఏ రోలు కుదురుతుంది? మునెప్ప ఇంజిన్ ఎన్నడూ బరువు లాగలేదు. నాలుగు నెలలకు పైగా, ప్రతి రోజూ రెండు గంటలు, ఉత్తగా తిరిగింది. వెయ్యి పూర్తి కాలేదు గనుక మునెప్ప అందులో గంప కూడా ఎక్కించలేదు. లోడు వేయవద్దన్నది నేను.

1987 నాటి ఇంజిన్లకు ఆ మాట కొంత చెల్లింది. అప్పుడు లారీలకు పైకప్పు దాకా రాళ్ళు నింపేవాళ్ళు, వాళ్ళను ఆపడానికి రాశాను. ఆ రెండు వాక్యాలనూ పూర్తిగా, అక్షరం తప్పకుండా పాటించే మనిషి వస్తాడని నేను ఊహించలేదు. చాలామంది ఆ చీటీతో చేతులు తుడుచుకుంటారు.

"షఫీ," అన్నాను, "నీ రింగులు మంచివే. నీ చెయ్యీ మంచిదే. చెడగొట్టింది నా చీటీ. రెండుసార్లు కార్డు మీద నీ తప్పని రాసింది నేనే."

అతను చేతిలోని ఎండు ఆకును చిన్న చిన్న ముక్కలుగా చించుతూ కూర్చున్నాడు. నన్ను నమ్మలేదో, తన చేతిని నమ్మలేదో తెలియలేదు. తిరుగు బస్సులో, పుంగనూరు దగ్గర పడుతుండగా అన్నాడు: "ఇంకొక తూరి బిగిస్తానమ్మా. అదీ పొగ కక్కితే మాత్రం మీరేమీ సెప్పొద్దు. నేను పోతాను."

బ్లాకుకు మళ్ళీ గీతలు గీశాం. ఈసారి ఆ గీతల కోణం నేనే పక్కన నిలబడి చూసుకున్నాను. షఫీ అయిదు రోజులు తీసుకొని బిగించాడు. ఫిబ్రవరి 24న పొద్దున ఏడు గంటలకు బి.కొత్తకోట దగ్గర, హార్సిలీ కొండ కింద కలుసుకున్నాం. బండిలో ఆరు మూటల రాగులు వేయించాను. మూట యాభై కిలోలు, మూడువందలు. మేము ముగ్గురం నూట తొంభై మూడు. మొత్తం నాలుగువందల తొంభై మూడు కిలోలు. ఆ బండి మోయగలిగిన దానికి లోపలే.

మునెప్ప మూటల వైపు చూసి బండి ఎక్కకుండా నిలబడ్డాడు. "అమ్మా, వెయ్యి కాలేదు. వంద గూడా కాలేదు."

"ఆ చీటీ రాసింది నేనే గదప్పా. ఇప్పుడు నేనే చెప్తాండా. ఎక్కు."

"పాపం గదమ్మా, కొత్త ఇంజిను."

"మీ ఆడామెను బస్సెక్కించినప్పుడు ఈ పాపం యాడ పోయింది?"

షఫీ స్టీరింగ్ పట్టాడు. మొదటి ఎక్కుడులో వెనక అద్దంలో రోడ్డు కనపడనంత పొగ వచ్చింది. మునెప్ప వెనక సీటులో కళ్ళు మూసుకున్నాడు. షఫీ మొహం చూడలేక నేను లోయ వైపు చూశాను. దిగేటప్పుడు గేరులోనే దింపాడు. రెండోసారి ఎక్కాం, పొగ పెద్దగా తగ్గలేదు. మూడోసారికి సగం దారి తర్వాత పలచబడింది. నాలుగోసారి మునెప్పను నడపమన్నాం. మొదట్లో ఆక్సిలేటర్ మీద కోడిగుడ్డు ఉన్నట్టు తొక్కాడు. "తొక్కన్నా, నీ మీద ఏనుగు వస్తాండాదనుకో," అన్నాడు షఫీ. అప్పుడు తొక్కాడు.

అయిదోసారి పైకి చేరాక ఇంజిన్ ఆపకుండా బానెట్ ఎత్తించాం. ఆయిల్ పోసే మూత విప్పి, ఆ రంధ్రం మీద షఫీ అరచెయ్యి ఆనించాడు. రింగులు పట్టకపోతే అక్కడ గాలి ఊదుతుంది. మెకానిక్‌కు ఇది నాడి పట్టడం లాంటిది. చాలాసేపు అలాగే ఉంచాడు. మునెప్ప అతని మొహం వైపు, నేను అతని చెయ్యి వైపు చూస్తూ నిలబడ్డాం.

"రింగులు కూర్చున్నాయి," అన్నాడు. చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకొని, కొండ అంచు దాకా నడిచి వెళ్ళి, బెంగుళూరు బామ్మర్దికి ఫోన్ చేశాడు. గాలికి అన్ని మాటలూ వినపడలేదు. "నై ఆతుం భాయ్, ఇధర్‌ఇచ్ కామ్ హై" అన్నది మాత్రం తెలిసింది. రాను, పని ఇక్కడే ఉంది అని.

మునెప్పకు కొత్త నియమం చెప్పాం. ఏనుగులకోసం తిప్పుకో, తప్పదు. కానీ తిప్పిన మర్నాడు పొద్దున్నే కూరగాయల గంపలు, మనుషులు ఎక్కించుకొని కుప్పం పోయి రావాలి. నిలబడి పేరుకున్న మసి ఆ దారిలో కాలిపోతుంది. మార్చి 22న వెయ్యి దాటిందని ఫోన్ చేశాడు. ఆయిల్ మట్టం చూసే పుల్ల మీద వేలి మందం కూడా దిగలేదన్నాడు. ఫోన్ లాక్కొని అతని భార్య, ఇప్పుడు ఊర్లో సగం మంది ఆ బండిలోనే సంతకు వస్తున్నారని, తనకు చోటు దొరకడం లేదని చెప్పింది.

పాత చీటీలు మూడువందల పద్నాలుగు మిగిలి ఉంటే చించేశాను. పాత రెండు కార్డుల మీదా ఎర్ర సిరాతో "మెకానిక్ తప్పు లేదు" అని రాసి సంతకం పెట్టి, తీసుకొని పుంగనూరు వెళ్ళి షఫీకి చూపించాను. అతను ఒక బండి కింద పడుకొని ఉన్నాడు. తల బయట పెట్టి చదివి, "మీ గేజి అబద్ధం సెప్పలేదు గదమ్మా," అన్నాడు. "దానికి తెలిసింది అది సెప్పింది. మునెప్పన్నను అడగాల్సింది మనం." మళ్ళీ బండి కిందికి వెళ్ళిపోయాడు. పని ముగించి బయటికి వచ్చి టీ తెప్పించాడు. ఇద్దరం తాగాం.

కొలత ఎంత సూక్ష్మంగా తీసినా అది బల్ల మీద ఉన్న ఇనుము సంగతి మాత్రమే చెబుతుంది. ఆ ఇనుము ఎవరి చేతిలో, ఏ ఊరిలో, దేనికోసం తిరుగుతోందో మనిషిని అడిగితేనే తెలుస్తుంది. ఎదుటివాళ్ళు దాచడం వల్ల కాదు, అది చెప్పదగ్గ సంగతని వాళ్ళకు తోచదు. ఇప్పుడు నా కార్డులో ఒక గడి పెంచాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడిగిన తర్వాత, బండి నిలబడి ఎన్ని గంటలు తిరుగుతుందని అడుగుతాను. చాలామంది ముసలామె చాదస్తమని నవ్వుతారు. అప్పుడప్పుడు ఒకరు మాత్రం నవ్వబోయి ఆగి, వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెడతారు.